బీసీఎం పోయిందా, దానికి కరెంటు అందడం లేదా?

నల్లగొండ జిల్లా కేతేపల్లిలో వానాకాలపు పొద్దున. ఇంటి ముందు వేపచెట్టు కింద రాత్రంతా నిలిపిన కారు. రిమోట్ నొక్కితే లాకులు టకటకా కొట్టుకుంటాయి గానీ తలుపు తెరుచుకోదు. తాళంచెవితో తీసి లోపల కూర్చుంటే, స్విచ్ ముట్టకుండానే వైపర్ ఒక ఊపు ఊపి ఆగుతుంది. బ్రేకు తొక్కితే వెనక పార్కింగ్ లైటు మసకగా వెలుగుతుంది. ఎడమ కిటికీ అద్దం దిగదు. ఇంత గందరగోళంలోనూ సెల్ఫ్ కొడితే ఇంజను మామూలుగానే అందుకుంటుంది.

లాకు, వైపర్, లైటు, అద్దం. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు పనులు. నాలుగూ ఒకే రాత్రి చెడిపోవడం ఏమిటి? పాతకాలపు మెకానిక్‌కు ఇది అంతుపట్టని చిక్కు. ఇప్పటి మెకానిక్ మాత్రం చాలాసార్లు క్షణంలో చెప్పేస్తాడు: "అన్నా, బీసీఎం పోయింది. కొత్తది వెయ్యాలె." ఆ మాట సగం నిజం. నాలుగు పనులూ నడిచేది బీసీఎం ద్వారానే. కానీ చెడింది బీసీఎమ్మేనా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతక్కుండా పెట్టె మార్చడం వల్లనే డబ్బూ పోతోంది, రోగమూ మిగులుతోంది.

అన్నీ ఒకే పెట్టెలోకి ఎందుకు చేరాయి

బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్. చాలా కార్లలో డ్రైవర్ మోకాళ్ల పైన, డ్యాష్‌బోర్డ్ వెనకాల, ఫ్యూజుల పెట్టెకు ఆనుకుని ఉంటుంది. ఇంజను సంగతి దానిది కాదు, దానికి వేరే కంప్యూటర్ ఉంది. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, సెంట్రల్ లాక్, కిటికీ అద్దాలు, లోపలి లైటు, దొంగల అలారం వంటివి దీని పరిధి. చాలా బండ్లలో తాళంచెవి అసలుదో కాదో తేల్చే ఇమ్మొబిలైజర్ కూడా ఇందులోనే ఉంటుంది.

అంబాసిడర్ కాలంలో ఈ పెట్టె లేదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి స్విచ్, స్విచ్ నుంచి బల్బు. లైటు వెలగకపోతే ఆ ఒక్క వైరును వేలితో తడుముకుంటూ పోతే తెగిన చోటు దొరికేది. సౌకర్యాలు పెరిగే కొద్దీ వైర్లు పెరిగాయి. ప్రతి తలుపులోకీ లావాటి కట్ట ఒకటి దూర్చాల్సి వచ్చింది. బరువు పెరిగింది, ఖర్చు పెరిగింది, తెగే చోట్లూ పెరిగాయి.

ఈ చిక్కుకు జర్మనీలోని బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో ఒక దారి వెతకడం మొదలుపెట్టారు. కారులోని కంప్యూటర్లన్నీ రెండే తీగల మీద వంతులవారీగా మాట్లాడుకునే పద్ధతి అది. దాని పేరు క్యాన్. దానితో ఈ పనులన్నీ ఒకే పెట్టెకు, అంటే బీసీఎంకు, అప్పగించడం తేలికైంది. 1986లో అమెరికాలోని డెట్రాయిట్‌లో దాన్ని లోకానికి చూపించారు. 1990ల మొదట్లో మెర్సిడెస్ ఖరీదైన కార్లలోకి వచ్చింది. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ ఇవాళ మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలోకీ చేరింది. మన తెలుగు నేల మీద పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారవుతున్న కార్లు మాట్లాడుకునేదీ ఈ పద్ధతిలోనే.

తూము దగ్గర నీరటి

తెలంగాణ పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటి ఉంటాడు. మడికి నీళ్లు కావాలని రైతు వచ్చి అడుగుతాడు. తూము ఎత్తేది మాత్రం నీరటి. చెరువులో నీళ్లెంత ఉన్నాయి, వంతు ఎవరిది, కాల్వకు గండి పడిందా అని చూసుకుని మరీ ఎత్తుతాడు. రైతు మాటలో నీళ్లు లేవు, కబురు మాత్రమే ఉంది.

బీసీఎం చేసేది సరిగ్గా ఇదే. బ్యాటరీ చెరువు. లైట్లు, మోటార్లు మడులు. మనం తిప్పే స్విచ్ రైతు మాట. ఇప్పటి కారులో హెడ్‌లైట్ స్విచ్ తిప్పితే దానిగుండా హెడ్‌లైట్ కరెంటు పోదు. "లైటు కావాలి" అన్న సన్నటి కబురు మాత్రమే పోతుంది. బీసీఎం ఆ కబురు విని, లోపలి రిలేతోనో చిప్పుతోనో అసలు కరెంటును బల్బుకు వదులుతుంది. వదిలాక ఎంత పారుతోందో కూడా చూస్తుంది. ఇండికేటర్‌లో 21 వాట్ల బల్బు ఒకటిన్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ బల్బు మాడితే కరెంటు తగ్గుతుంది. బీసీఎం అది పసిగట్టి, మిగిలిన ఇండికేటర్‌ను వేగంగా కొట్టించి మనకు చెబుతుంది. బజార్లో కొన్న ఎల్ఈడీ బల్బు పెట్టినా అదే వేగం. ఎల్ఈడీ లాగే కరెంటు తక్కువ కాబట్టి బల్బు పోయిందనే అది అనుకుంటుంది.

మడికి నీళ్లు రాలేదంటే నీరటి నిద్రపోయాడనే ముందు చూడాల్సినవి మూడున్నాయి. చెరువులో నీళ్లున్నాయా? రైతు కబురు సరిగ్గా చేరిందా? కాల్వ బాగుందా? కారు విషయంలోనూ పరీక్ష ఈ వరసలోనే జరగాలి. బ్యాటరీ, ఎర్త్, స్విచ్ కబురు, వైరింగ్, ఇవన్నీ తేలాకే బీసీఎం వంతు.

కబురు తప్పుగా వినబడితే

వైపర్ తనంతట తాను ఊగడాన్ని చూద్దాం. స్టీరింగ్ పక్కనున్న కాడలో వైపర్‌కు నాలుగైదు స్థానాలుంటాయి. ఒక్కో స్థానానికి ఒక్కో వైరు లాగకుండా చాలామంది తయారీదారులు ఒకే వైరు వాడతారు. స్విచ్ లోపల ఒక్కో స్థానానికి ఒక్కో విలువ గల రెసిస్టర్ ఉంటుంది. కాడ తిప్పినప్పుడు ఆ వైరు మీద వోల్టేజీ మారుతుంది. ఇంత వోల్టేజీ అంటే ఆపు, ఇంత అంటే నెమ్మది, ఇంత అంటే వేగం అని బీసీఎం చదువుకుంటుంది.

ఇప్పుడు ఆ వైరు స్విచ్‌కు కలిసే కప్లర్‌లోకి చెమ్మ దూరిందనుకోండి. పిన్నుల మధ్య తడి ఒక కొత్త దారి తెరుస్తుంది. పిన్ను మీద పచ్చగా చిలుం పడితే అసలు దారి ఇరుకవుతుంది. ఏది జరిగినా వోల్టేజీ కొంచెం జరుగుతుంది. "ఆపు" అన్న కబురు బీసీఎంకు "ఒక్కసారి తుడువు" అని వినబడుతుంది. అది విన్నట్టే చేసింది. దాన్ని తీసి కొత్తది పెట్టినా అదీ అలాగే వింటుంది.

వేపాకు, ఎలుక, లారీ బ్యాటరీ

ఈ ప్రాంతంలో బీసీఎంను ఇబ్బంది పెట్టేవి ఏమిటో తెలిస్తే సగం పరీక్ష అయినట్టే.

మొదటిది నీళ్లు. ముందు అద్దం కింద, వైపర్లు ఉండే చోట ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. అద్దం మీది వాననీళ్లు దాని కిందికి జారి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా నేలమీద పడాలి. చెట్టు కింద నిలిపిన బండికి ఆ రంధ్రాల్లో ఆకులు, పూత, దుమ్ము చేరి గట్టిపడతాయి. దారి మూసుకుపోయిన నీళ్లు పొంగి, ఏసీ గాలి లోపలికి పీల్చే సందు నుంచో వైరింగ్ దూరిన రబ్బరు పక్కనుంచో డ్యాష్‌బోర్డ్ వెనక్కు దిగుతాయి. అక్కడే బీసీఎం. ఎండాకాలంలో వాన లేకున్నా తడి తప్పదు. నల్లగొండ ఎండల్లో గంటల తరబడి నడిచే ఏసీ నుంచి కారే నీళ్లు ఒక సన్నటి గొట్టం గుండా బయటికి పోవాలి. దుమ్ముతో అది మూసుకుపోతే కాళ్ల కింది కార్పెట్ తడుస్తుంది. చేయి పెట్టి చూస్తే తెలిసిపోతుంది, దానికి కారు కంప్యూటర్లను చదివే స్కానర్ ఏదీ అక్కర్లేదు.

రెండోది ఎలుకలు. మూసీ ప్రాజెక్టు కాల్వల కింద వరి పండే ఊళ్లు ఇవి. కోతలయ్యాక పొలంలో తిండి, గూడు పోయిన ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. ఇంజను వెచ్చదనం వాటికి ఇష్టం. వైరు పూర్తిగా తెగితే నయం, వెంటనే దొరుకుతుంది. పైతొక్క కొరికి లోపలి రాగి బయటపెట్టి వదిలేస్తేనే కష్టం. పొడిగా ఉన్నంతసేపు బాగుంటుంది, తడి తగిలినప్పుడు పిచ్చి చేస్తుంది.

మూడోది మన చేతులారా చేసేది. 55 వాట్ల బల్బు చోట 100 వాట్లది పెడితే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. విడిగా రిలే వేయకపోతే ఆ భారమంతా బీసీఎం మీదో దాని ఫ్యూజు మీదో పడుతుంది. అదనపు హారన్, ఆంప్లిఫయర్, బయట కొన్న రిమోట్ లాకు కోసం వైరు తొక్క తీసి చుట్టిన టేపు ముడులు చూస్తే నాకు ముందు అక్కడే అనుమానం పడుతుంది.

నాలుగోది హైవే ఊళ్లలో ఎక్కువ. నకిరేకల్‌కూ సూర్యాపేటకూ మధ్య, కొర్లపహాడ్ టోల్‌గేట్ ఉన్న దారి ఇది. బ్యాటరీ దిగిన కారుకు పక్కన ఆగిన లారీ నుంచి కేబుల్ వేసి స్టార్ట్ చేయడం చూస్తుంటాం. కారు కరెంటు 12 వోల్టులు, పెద్ద లారీలది 24. కారు మాడ్యూళ్లను కొద్దిసేపు ఎక్కువ వోల్టేజీ తట్టుకునేలా తయారుచేస్తారు గానీ, కేబుల్ తగిలించి మాటల్లో పడితే ఆ తట్టుకోవడం అయిపోతుంది. ప్లస్సు మైనస్సు తారుమారైతే చెప్పనే అక్కర్లేదు. బీసీఎం నిజంగా కాలిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఎర్త్ చెబితేనే నమ్మాలి

పరీక్ష బ్యాటరీతో మొదలవ్వాలి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దరిదాపుల్లో ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా బాగా కిందికి పడితే బ్యాటరీ బలహీనమైనట్టే. బలహీన బ్యాటరీ మీద సెల్ఫ్ కొడితే వోల్టేజీ ఒక్కసారిగా కుంగి, బీసీఎం లోపలి చిన్న కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. మొదలవగానే రిలే పడుతుంది, వోల్టేజీ మళ్లీ కుంగుతుంది, మళ్లీ ఆగుతుంది. డ్యాష్‌బోర్డ్ వెనక వినబడే ఆ టకటక చాలాసార్లు ఇదే. కొత్త బ్యాటరీతో పోయే జబ్బుకు కొత్త బీసీఎం వేయించుకున్నవాళ్లున్నారు.

తరువాత ఎర్త్. బల్బుకు వెళ్లిన కరెంటు బాడీ ఇనుము గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి. ఆ తిరుగుదారే ఎర్త్. బాడీకి బోల్టుతో బిగించిన రింగు కింద తుప్పు పడితే దారి ఇరుకవుతుంది. అప్పుడు కరెంటు ఆగిపోదు, పక్కదారి వెతుక్కుంటుంది. వెనక ఒక వైపు లైట్లన్నిటికీ ఒకే ఎర్త్ ఉందనుకుందాం, అది వదులైంది. బ్రేకు తొక్కితే వచ్చిన కరెంటు కిందికి దిగలేక, అదే గూటిలోని పార్కింగ్ లైటు తీగలోంచి వెనక్కు పోయి, రెండో వైపు లైట్ల ఎర్త్ పట్టుకుంటుంది. పోతూ పోతూ పార్కింగ్ లైట్లను మసకగా వెలిగిస్తుంది. కేతేపల్లి కారులో వెలిగిన మసక లైటు సంగతి ఇదే.

దీన్ని పట్టుకునే పరీక్ష తేలిక, అయినా చేసేవాళ్లు తక్కువ. మల్టీమీటర్‌ను వోల్టుల్లో పెట్టండి. ఒక మొన బ్యాటరీ మైనస్ మీద. రెండో మొన బీసీఎం కప్లర్ ఎర్త్ పిన్నుకు వెనక నుంచి ఆనించాలి, కప్లర్ ఊడదీయకూడదు. ఇప్పుడు హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వెనక అద్దం హీటరు అన్నీ వేయాలి. మీటర్ 0.1 వోల్టు లోపు చూపితే తిరుగుదారి బాగున్నట్టు. అరవోల్టో వోల్టో చూపితే దారిలో ఎక్కడో తుప్పు కూర్చుంది. ఆ బోల్టు విప్పి, రింగునూ కింది ఇనుమునూ ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగిస్తే చాలు. లైట్లు వేయకుండా ఈ పరీక్ష చేస్తే ప్రయోజనం లేదు. వైరులో ఒక్క పోగు మిగిలినా ఖాళీగా ఉన్నప్పుడు మీటర్ అంతా బాగుందనే చూపుతుంది. భారం పడ్డప్పుడే లోపం బయటపడుతుంది.

బాక్స్: రెండు తీగలు, 60 ఓములు

క్యాన్ తీగలు రెండూ ఒకదానికొకటి మెలివేసి ఉంటాయి. ఎవరూ మాట్లాడనప్పుడు రెండింటి మీదా 2.5 వోల్టులుంటాయి. మాట్లాడేటప్పుడు ఒకటి 3.5కు లేస్తుంది, రెండోది 1.5కు దిగుతుంది. వినేవాళ్లు చూసేది వాటి మధ్య తేడానే. బయటి నుంచి విద్యుత్ చికాకు వస్తే రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది, తేడా మారదు. అందుకే ఇంజను పక్కన కూడా కబురు చెడదు.

తీగల రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి. పక్కపక్కన చేరిన రెండు సమాన దారులు అడ్డును సగం చేస్తాయి కాబట్టి మధ్యలో కొలిస్తే 60 ఓములు రావాలి. బ్యాటరీ తీసి, స్టీరింగ్ కిందనున్న స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా బండ్లలో ఈ లెక్క దొరుకుతుంది. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఎక్కడో అంటుకున్నాయి. కొన్ని బండ్లలో ఈ సాకెట్‌కూ లోపలి తీగలకూ మధ్య గేట్‌వే అనే మరో పెట్టె ఉంటుంది. వాటికి కంపెనీ వైరింగ్ బొమ్మ చూడక తప్పదు.

స్కానర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

స్కానర్ చూపే కోడ్‌లలో మొదటి అక్షరం చూడండి. పీ అంటే ఇంజను, గేరు విభాగం. సీ అంటే బ్రేకులు, స్టీరింగ్ వైపు. బీ అంటే బాడీ. యూ అంటే మాడ్యూళ్ల మధ్య మాట తెగిందని. యూ0140 వస్తే "బీసీఎంతో మాట కలవడం లేదు" అని మిగతా పెట్టెలు ఫిర్యాదు చేస్తున్నట్టు. దాన్ని "బీసీఎం చెడింది" అని చదివితే పొరపాటు. ఫ్యూజు పోయి దానికి కరెంటు అందకపోయినా ఇదే కోడ్. ఎర్త్ ఊడినా ఇదే, క్యాన్ తీగ తెగినా ఇదే.

బ్యాటరీ ఒకసారి పూర్తిగా దిగితే యూ కోడ్‌లు గుంపుగా పడతాయి. అన్నీ రాసుకుని, చెరిపి, బండి నడిపి మళ్లీ చూడాలి. తిరిగి వచ్చినవే లెక్కలోవి.

స్కానర్ అసలు ఉపయోగం కోడ్‌లలో కన్నా ప్రత్యక్ష సమాచారంలో ఉంది. స్విచ్ నొక్కుతూ తెర చూడండి. నొక్కినప్పుడు తెర మీద మారితే కబురు చేరింది. తరువాత స్కానర్ నుంచే "ఎడమ అద్దం దింపు" అని బీసీఎంకు ఆజ్ఞ ఇవ్వవచ్చు. కబురు చేరింది, కరెంటు అందుతోంది, ఎర్త్ బాగుంది, ఆజ్ఞ ఇచ్చాం, అయినా అద్దానికి వెళ్లే బీసీఎం పిన్ను దగ్గర వోల్టేజీ లేదు. అప్పుడు, అప్పుడు మాత్రమే, బీసీఎం మీద వేలు చూపొచ్చు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగితే

బండి ఆపి తాళం వేశాక మాడ్యూళ్లన్నీ కొద్ది నిమిషాల నుంచి అరగంట లోపు నిద్రపోవాలి. నిద్రలో కారు మొత్తం లాగేది సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే. ఒక తలుపు స్విచ్ చెడి "తెరిచే ఉంది" అని చెబుతూ ఉంటే బీసీఎం నిద్రపోదు. అరఆంపియర్ లాగుతూ కూర్చుంటే రోజుకు 12 ఆంపియర్ గంటలు పోతాయి. చిన్న కారుకు ఉండే 35 ఆంపియర్ గంటల బ్యాటరీ మూడో రోజు పొద్దున సెల్ఫ్ అందుకోకపోవచ్చు. ఏ దారిలో పోతోందో చూడటానికి ఫ్యూజులు ఒక్కొక్కటి పీకితే మాడ్యూళ్లు మళ్లీ మేలుకుంటాయి, లెక్క తప్పుతుంది. ఫ్యూజు పీకకుండా దాని నెత్తిన ఉన్న రెండు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవాలి. ఎక్కడ అంకె కనబడితే కరెంటు అక్కడ పారుతోంది.

నిజంగానే మార్చాల్సి వస్తే

విప్పి చూస్తే బోర్డు మీద చిలుం, కాలిన చిప్పు, పగిలిన టంకం కనబడవచ్చు. రిలే ఒకటే అంటుకుపోయి ఉంటే, టంకం పని తెలిసిన చేతుల్లో పాత పెట్టే బాగుపడుతుంది. మొత్తం మార్చాల్సి వస్తే మాత్రం బల్బు మార్చినంత తేలిక కాదు.

చూడటానికి ఒకేలా ఉన్న రెండు పెట్టెల లోపలి సమాచారం వేరు. ఈ బండికి వెనక వైపర్ ఉందా, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, అద్దాలు నాలుగూ కరెంటువేనా, ఛాసిస్ నంబర్ ఎంత అన్నవి పాత బీసీఎంలో రాసి ఉంటాయి. కాబట్టి పాతది ఇంకా పలుకుతుండగానే స్కానర్‌తో ఆ సమాచారం చదివి దాచుకోవాలి. పార్ట్ నంబర్ చివరి అంకె దాకా సరిపోవాలి. విప్పే ముందు బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి కాబట్టి వాటి జోలికి పోకూడదు. కొత్తదానిలో సమాచారం రాస్తున్నంతసేపు బ్యాటరీకి మంచి సపోర్ట్ చార్జర్ తగిలించి ఉంచాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే రాత సగంలో ఆగి, కొత్త పెట్టె కూడా పలకకుండా పోవచ్చు.

ఆ తరువాత తాళంచెవులు. తాళంచెవి పిడిలో బ్యాటరీ అవసరం లేని చిన్న చిప్పు ఉంటుంది. తాళం పెట్టే చోటు చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని మేల్కొలిపి పేరు అడుగుతుంది. కొత్త బీసీఎంకు ఆ పేర్లు తెలియవు. సెక్యూరిటీ కోడ్ వేసి, ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ ఒకేసారి తెచ్చి నేర్పించాలి. ఆరోజు తేని తాళంచెవి చాలా బండ్లలో ఆ తరువాత పనిచేయదు.

ఇటు హైదరాబాద్ ఆటోనగర్, అటు విజయవాడ ఆటోనగర్. ఒకే రోడ్డు రెండు చివర్లా ఉన్న ఈ రెండు చోట్లా ప్రమాదంలో నుజ్జయిన బండ్ల నుంచి తీసిన సామాను దొరుకుతుంది. పాత తలుపు, పాత బంపర్ తెచ్చి వేసుకోవచ్చు. పాత బీసీఎం మాత్రం తన పాత బండి ఛాసిస్ నంబర్‌నూ తాళాలనూ పట్టుకుని కూర్చుంటుంది. కొన్ని మోడళ్లలో దాన్ని మరిపించవచ్చు, కొన్నింటిలో కుదరదు. కొనే ముందే ఆ మోడల్‌కు కుదురుతుందో లేదో తెలిసినవాళ్లను అడగాలి.

ఆ కోడ్ ఎవరి చేతిలో ఉంది

సెక్యూరిటీ కోడ్, కంపెనీ సాఫ్ట్‌వేర్, వైరింగ్ బొమ్మలు లేకపోతే ఎంత పనివాడైనా చివరి మెట్టు దగ్గర ఆగిపోతాడు. ఇది దేశమంతా ఉన్న సమస్యే. విడిభాగాలను, పరీక్ష పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని తేల్చి 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది.

తాళాల సమాచారం అందరికీ తెరిచేస్తే దొంగలకూ దారి తెరిచినట్టే అన్న కంపెనీల వాదనలో బలం ఉంది. కానీ వైరింగ్ బొమ్మకూ ఎర్త్ ఎక్కడ బిగించారన్న సమాచారానికీ దొంగతనంతో సంబంధం లేదు. పైన చెప్పిన పరీక్షల్లో అధిక భాగం వాటితోనే అయిపోతాయి. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ చదివి హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న కుర్రాడికి ఆ బొమ్మలు న్యాయమైన ధరకు అందాలి. అవి లేక అతను ఊహ మీద పెట్టె మార్చమంటున్నాడు. ఆ ఊహ ఖర్చు బండి యజమాని మీద పడుతోంది.

బండి తీసుకునే ముందు

బీసీఎం మార్చామని చెప్పినప్పుడు, మార్చడానికి ముందు ఎర్త్ దగ్గర మీటర్ ఎంత చూపిందో అడగండి. స్కానర్ తెర ఫొటోలు, ముందువీ తరువాతవీ, తీసుకోండి. ప్రతి తాళంచెవితో ఒకసారి స్టార్ట్ చేసి చూడండి. కిటికీ అద్దాలు ఒక్క నొక్కుతో చివరిదాకా పోతున్నాయా చూడండి. బ్యాటరీ తీసి పెట్టాక చాలా బండ్లలో ఆ హద్దులు మళ్లీ నేర్పాలి, అద్దాన్ని పూర్తిగా ఎత్తి స్విచ్ కాసేపు పట్టుకుంటే చాలావాటిలో నేర్చుకుంటుంది. నిద్రలో ఎంత కరెంటు లాగుతోందో కొలిపించండి. పాత పెట్టె అడిగి తీసుకోండి, అందులో మీ బండి తాళాల సమాచారం ఉంది. ఇంటికి వచ్చాక అద్దం కింది ప్లాస్టిక్ మూత దగ్గర చెంబెడు నీళ్లు నెమ్మదిగా పోయండి. రెండు పక్కలా నేలమీద పడాలి. ఒక పక్కే పడితే రెండో పక్క రంధ్రంలో ఇంకా ఆకులున్నాయి.